పసిబిడ్డకు మాటలు రావడంలో ఇంటివారి పాత్ర

పాల సంఘాల లెక్కలు చూడడం, వెన్న శాతం పరీక్ష సక్రమంగా జరుగుతున్నదీ లేనిదీ తనిఖీ చేయడం మా ఉద్యోగం. మేము చదివినది సహకార శాఖ డిప్లొమా మాత్రమే, వైద్యం చదవలేదు. అయినా ఈ మాసం పొదుగువాపు గురించో, పశుగ్రాసం గురించో రాయక పిల్లల మాటల సంగతి ఎత్తుకున్నామంటే అందుకు కారణం ఉంది. సభ్యులు, ముఖ్యంగా మహిళా సభ్యులు, ఓపికగా చదవవలసిందిగా కోరుతున్నాము.

కదిరి చుట్టుపక్కల సంఘాలకు సాయంత్రం పూట తనిఖీకి వెళ్లినప్పుడు పాలు పోసే వరుసలో తల్లుల చంకన, అవ్వల కొంగు పట్టుకుని చిన్నపిల్లలు కనిపిస్తారు. ఒక సంఘంలో ఈ మధ్య రెండేళ్ల పాప ఒకతి లాక్టోమీటరు వైపు వేలు చూపించి "మునిగె" అన్నది. వాళ్ల అమ్మ క్యాను దించుతూనే "ఔనమ్మీ, మునిగింది. పాలల్లో మునిగింది. మళ్లా పైకి తేల్తాది చూడు" అన్నది. ఆ పాప పక్కనే దాదాపు అదే వయసు పిల్లవాడు వాళ్ల అవ్వ చేతిలోని సెల్‌ఫోనులో బొమ్మలు చూస్తూ నిలబడ్డాడు. వాడిని పలకరించాము. తల ఎత్తలేదు. "వానికింకా మాటలు రాలేదు సారూ. వాళ్ల నాయనకూ నాలుగేండ్లకే వచ్చినాయి, వస్తాయిలే" అన్నది అవ్వ.

"వస్తాయిలే" అన్న ఆ మాట మేము మా ఇంట్లో కూడా విన్నాము. విన్నామనడం కన్నా, అన్నాము అనడం నిజం. మా చెల్లెలిని మేనరికం ఇచ్చారు. దాని మొదటి కూతురికి మూడేళ్లు వచ్చినా మాట లేదు. ఇంట్లో కొద్దో గొప్పో చదువుకున్నవాళ్లం మేమే గనుక మమ్మల్ని అడిగారు. "కొందరికి ఆలస్యం, కంగారు పడవద్దు" అని ధైర్యం చెప్పాము. ఒకచోట చూపిస్తే వారూ అదే అన్నారు. నాలుక కింద నరం కోయించమని ఒకరు, వసకొమ్ము అరగదీసి పోయమని ఒకరు చెప్పారు. అవన్నీ అయినాక 2003లో, బిడ్డకు ఐదేళ్లు నిండినాక, చెవి పరీక్ష చేయిస్తే పుట్టుకతోనే వినికిడి దాదాపు లేదని తేలింది. నాలుకకు ఏ లోపమూ లేదు. ఐదేళ్లపాటు ఆ బిడ్డకు మా మాట ఒక్కటీ చేరలేదు. మేమేమో అది మాట్లాడుతుందని ఎదురుచూశాము. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే.

ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. మాట నోటితో మొదలు కాదు, చెవితో మొదలవుతుంది. కడుపులో ఏడో నెల నాటికే బిడ్డ చెవి పనిచేస్తుంది. అభిమన్యుడి కథ అలా ఉంచండి. పుట్టిన కొద్ది రోజుల పసికందు ఇతర స్త్రీల గొంతు కన్నా తన తల్లి గొంతునే ఎక్కువ కోరుకుంటుందని 1980లో అమెరికా పరిశోధకులు పరీక్ష చేసి చూపారు. ఇంకొక పరీక్ష మనవంటి వారికి మరింత ఆసక్తికరం. మన భాషలో 'త' వేరు, 'ట' వేరు. ఇంగ్లీషు మాత్రమే తెలిసిన పెద్దలకు ఈ తేడా చెవికి అందదు. హిందీలోనూ ఈ రెండు ధ్వనులున్నాయి. కెనడాలో వెర్కర్, టీస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఇంగ్లీషు ఇళ్లలోని పసిబిడ్డలకు హిందీ 'త', 'ట' ధ్వనులు వినిపించి 1984లో ఫలితాలు ప్రకటించారు. ఆరు నుండి ఎనిమిది నెలల బిడ్డలు తేడా కనిపెట్టారు. పది పన్నెండు నెలలకు వచ్చేసరికి చాలామంది కనిపెట్టలేకపోయారు. అంటే బిడ్డ మొదట లోకంలోని అన్ని భాషలకూ సిద్ధంగా పుడుతుంది; ఏడాది తిరిగేలోపు తన చుట్టూ వినబడే భాషకు చెవిని సరిచేసుకుంటుంది. ఇంకా ఒక్క మాటా పలకని బిడ్డ లోపల ఇంత పని జరుగుతూ ఉంటుంది. "దానికేం అర్థమవుతుంది" అని పసికందుతో మాట్లాడకుండా ఊరుకోవడం ఎంత నష్టమో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. దూడకు ముర్రుపాలు మొదటి గంటల్లోనే పట్టాలని మనం ఎందుకు పట్టుబడతామో సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. మాట విషయంలో ఆ గడువు మొదటి మూడేళ్లు.

ఏ వయసుకు ఏమి రావాలి? పుట్టిన బిడ్డ పెద్ద చప్పుడుకు ఉలిక్కిపడాలి. మూడు నాలుగు నెలలకు ఊ కొట్టాలి, పలకరిస్తే నవ్వాలి. ఆరు నుండి తొమ్మిది నెలల మధ్య "బబబ", "తతత" అని వాగుతూ పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడాలి. ఏడాదికి "అమ్మ", "తాత" వంటి ఒకటి రెండు మాటలు వస్తాయి. కావలసినదాన్ని వేలితో చూపిస్తారు. వేలు చూపడం చిన్న విషయం కాదు, అది మాటకు ముందు మెట్టు. ఏడాదిన్నరకు పదో పరకో మాటలు ఉంటాయి. రెండేళ్లకు యాభై మాటల దాకా వచ్చి, రెండేసి కలిపి "అమ్మ రా", "పాలు లేవు" అంటారు. మూడేళ్లకు ఇంటివారికే కాక బయటివారికి కూడా చాలావరకు అర్థమయ్యేటట్లు చిన్న చిన్న వాక్యాలు మాట్లాడతారు. 'ర', 'ళ', 'శ' వంటివి ఆలస్యంగా కుదురుకుంటాయి. మూడేళ్లవాడు రైలును "లైలు" అంటే ఆదుర్దా అక్కరలేదు, నవ్వి వెక్కిరించనూ అక్కరలేదు.

నెలా రెండు నెలలు అటూ ఇటూ కావడం సహజం. అయితే ఏడాది దాటినా వేలు చూపకపోవడం, పేరు పిలిస్తే తిరగకపోవడం, పదహారు నెలలకు ఒక్క మాటా లేకపోవడం, రెండేళ్లకు రెండు మాటలు కలపలేకపోవడం, వచ్చిన మాటలు ఏ వయసులోనైనా మళ్లీ పోవడం – ఈ అయిదింటిలో ఏ ఒక్కటి కనబడినా "వస్తాయిలే" అనకూడదు. చూపించాలి.

ఇక ఇంట్లో చేయవలసిన పని. ఇందుకు పైసా ఖర్చు లేదు, ప్రత్యేకంగా తీరిక చేసుకోవలసిన పనీ లేదు. మన సభ్యురాళ్ల తీరిక ఎంతో మాకు తెలుసు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ మెట్టప్రాంతంలో చెనక్కాయ పంట పోయిన ఏడు ఇల్లు నిలిచేది ఎనుము మీదనే. తెల్లవారుజామున లేచి పేడ తీసి, పాలు పిండి, సంఘంలో పోసి, కూలికి పోయి, కసువు మోపు నెత్తిన పెట్టుకుని వచ్చి మళ్లీ పాలు పిండే తల్లిని "రోజూ ఒక గంట బిడ్డతో మాట్లాడమ్మా" అని చెప్పడం మాకు న్యాయంగా తోచదు. కాబట్టి మేము చెప్పేది వేరు. చేసే పనిలోనే మాట కలపండి.

ఎనుముకు దాణా కలుపుతున్నప్పుడు బిడ్డ ఎలాగూ పక్కనే ఉంటుంది. "ఇదిగో చెక్క. ఇదిగో తవుడు. నీళ్లు పోస్తాండా. ఎనుముకు ఆకలైంది. తింటా ఉంది చూడు" – ఇంతే. చేతిలో ఉన్న వస్తువు, కళ్లెదుట జరుగుతున్న పని, వాటికే పేర్లు. చూస్తున్నదాని పేరు చెబితే బిడ్డకు తొందరగా పట్టుబడుతుంది. బిడ్డ దూడ వైపు చూస్తున్నప్పుడు దూడ గురించి చెప్పాలి గానీ, మనం ఆ వేళ కాకిని చూపించి ప్రయోజనం లేదు. వాడి చూపు ఎటు పోతే మన మాట అటు పోవాలి.

రెండవది, బిడ్డకు వంతు ఇవ్వడం. ఈ విషయంలో పెద్దలం చాలామంది పొరబాటు చేస్తాం. ఒక ప్రశ్న అడుగుతాం, జవాబు రాకముందే ఇంకొకటి అడుగుతాం, తరువాత జవాబు కూడా మనమే చెప్పేస్తాం. పసిబిడ్డ విన్నదాన్ని అర్థం చేసుకుని నోరు మెదపడానికి కొంత సమయం పడుతుంది. మనసులో అయిదు దాకా లెక్కపెట్టి ఆగండి. వాడు "పా" అన్నాడనుకోండి. "పా కాదురా, పాలు అనాలి, అను, పాలు" అని నిర్బంధించే బదులు "పాలా నాయనా? పాలు కావాలా? వేడి పాలు. ఊదుకుందామా?" అనండి. వాడి ఒక్క అక్షరానికి మూడు మాటలు జోడించి తిరిగి ఇచ్చినట్లయింది. తప్పు దిద్దకుండానే దిద్దినట్లయింది.

పాలు చేపడం తెలిసిన మన సభ్యులకు ఇది సులువుగా బోధపడుతుంది. దూడను విడిచి, మెల్లగా నిమిరితే ఎనుము చేపుతుంది. కొత్త మనిషి కేకలు వేస్తే బెదిరిపోయి పొదుగులో పాలుండీ దించదు. బిడ్డ నోటి మాటకూ అలాంటి స్వభావమే ఉంది. రెండేళ్లకూ అయిదేళ్లకూ మధ్య కొందరు పిల్లలు "నా... నా... నాకు" అని తడబడతారు. ఆలోచన ముందు పరుగెత్తి నోరు వెనకబడడం వలన ఇలా జరుగుతుంది. ఎక్కువమందికి దానంతట అదే పోతుంది. "సరిగా మాట్లాడు" అని గద్దించడం, చుట్టాల ముందు ఎగతాళి చేయడం దాన్ని ముదరబెడతాయి. వాడు చెప్పేది పూర్తిగా వినండి, మీరు నిదానంగా మాట్లాడండి. ఆరు నెలలు దాటినా తగ్గకపోయినా, మాట కోసం మొహం బిగబట్టి అవస్థ పడుతున్నా అప్పుడు చూపించాలి.

"బువ్వ", "లాల", "జోజో" వంటి ముద్దు మాటలు మానేయాలా అని కొందరు అడిగారు. మానవలసిన పని లేదు. గొంతు హెచ్చించి తగ్గించి, రాగం తీసి మాట్లాడితే పసిబిడ్డలు ఎక్కువ శ్రద్ధగా వింటారు. ఇది అన్ని దేశాలవారూ గమనించినదే. జోలపాటలు, ఊయల పాటలు, చేతులు తిప్పించి ఆడించే ఆటలు మన అవ్వలు ఊరికే కల్పించలేదు. ఒకే చరణం పదిసార్లు వచ్చినందువల్లనే బిడ్డకు తరువాతి మాట ముందే తెలుస్తుంది. అవ్వ ఆగితే తాను అందుకుంటుంది. బిడ్డ పెరిగేకొద్దీ "బువ్వ" పక్కన "అన్నం", "సంగటి" కూడా చేర్చుతూ పోతే చాలు. రాత్రి దీపం ఆర్పాక చెప్పే కథ సంగతి వేరే చెప్పాలా? వేమన సమాధి ఉన్న కటారుపల్లి మనకు ఎంతో దూరం లేదు. చదువు రాని వారి నోళ్లలోనే ఆయన పద్యాలు ఇన్ని తరాలు నిలిచాయి. అక్షరం రాదు గనుక మా బిడ్డకు మేమేం నేర్పగలం అని ఏ అవ్వా అనుకోనక్కరలేదు.

మన ప్రాంతంలో ఇంకొక ప్రశ్న తరచు వస్తుంది. కదిరి పట్టణంలో ఉర్దూ ఇళ్లు చాలా ఉన్నాయి. తండాలలో సుగాలీ భాష. కర్ణాటక సరిహద్దు దగ్గర గనుక కన్నడం కలిసిన ఇళ్లూ ఉన్నాయి. "రెండు భాషలు వింటే బిడ్డ గందరగోళపడి మాట ఆలస్యమవుతుందా? ఇంట్లో తెలుగే మాట్లాడమంటారా?" అని తండాలోని ఒక సభ్యుడు అడిగాడు. అలా కాదు. రెండు భాషలు వినడం వలన మాట ఆగిపోదు. రెండింటిలోని మాటలూ కలిపి లెక్కిస్తే ఆ పిల్లల మాటలు తక్కువ ఉండవు. తల్లికి ఏ భాష నోటినిండా వస్తుందో ఆ భాషలోనే మాట్లాడడం మేలు. తెలుగు అంగన్‌వాడీలోనూ వీధిలోనూ వస్తుంది. వచ్చీరాని భాషలో బిడ్డతో మాట్లాడే తల్లి మాటలు సహజంగానే తగ్గిపోతాయి, కథ అసలే చెప్పలేదు.

ఇప్పుడు సెల్‌ఫోను. దీని గురించి కొంచెం కఠినంగానే రాయవలసి ఉంది. కరువు సంవత్సరాలలో మన పల్లెల నుండి బెంగళూరుకూ, కేరళకూ పనికి వెళ్లేవారు ఎందరో. బిడ్డలు అవ్వ దగ్గర ఉంటారు. అవ్వకు మోకాళ్ల నొప్పులు, ఎనుము పని, వంట పని. బిడ్డ ఏడిస్తే ఫోను చేతిలో పెడుతుంది, బిడ్డ ఊరుకుంటుంది. అవ్వను తప్పు పట్టడం మా ఉద్దేశం కాదు. కానీ ఫోనులో మాటలు వినబడుతున్నాయి గదా, అవే నేర్చుకుంటాడు అనే నమ్మకం తప్పు. అమెరికాలో సియాటిల్ నగరంలో కూల్ అనే శాస్త్రవేత్త బృందం 2003లో ప్రకటించిన పరీక్ష ఇందుకు తార్కాణం. ఇంగ్లీషు ఇళ్లలోని తొమ్మిది నెలల బిడ్డలలో కొందరితో చైనీయులు ఎదుట కూర్చుని, ఆడిస్తూ 12 విడతలు తమ భాషలో మాట్లాడారు. ఇంకొందరికి అవే మాటలు టీవీలో చూపించారు. మనుషులతో ఆడిన బిడ్డలు చైనా భాషలోని ధ్వనుల తేడా పట్టుకున్నారు. టీవీ చూసిన బిడ్డలు పట్టుకోలేదు. టీవీ బిడ్డ ముఖం చూడదు, బిడ్డ "ఊ" అంటే తిరిగి "ఊ" అనదు. తేడా అక్కడ ఉంది.

రెండేళ్ల లోపు పిల్లలకు ఫోను, టీవీ అసలే వద్దని, రెండు నుండి అయిదేళ్ల వారికి రోజుకు గంటకు మించరాదని భారత పిల్లల వైద్యుల సంఘం 2021లో సూచించింది. వలస పోయిన తల్లిదండ్రులు ముఖాలు కనబడేటట్లు ఫోను చేసి బిడ్డతో మాట్లాడడం మాత్రం వేరు. అది ఇరువైపుల మాట. బిడ్డను ఒళ్లో పెట్టుకుని "అమ్మ ఏం తినింది, అడుగు" అని అవ్వ పక్కనుండి అందిస్తూ ఉంటే అది ఎంతో ఉపకారం. అలా కుదిరినవారు రోజూ ఒకే వేళకు చేయండి. బిడ్డ ఆ వేళకు ఎదురుచూస్తుంది.

ఇంత చేసినా చెవి వినకపోతే ఫలితం లేదు. మళ్లీ మొదటికి వస్తున్నాము. పుట్టుచెవుడు వెయ్యి మంది బిడ్డలలో ఒకరిద్దరికైనా ఉంటుంది. మేనరికాలలో, ముఖ్యంగా మేనమామకు ఇచ్చిన చోట, ఈ అవకాశం ఎక్కువ. చెల్లెలి పెళ్లినాడు ఈ మాట చెప్పేవారు మా ఇంట్లో లేకపోయారు. ఆస్తి బయటికి పోదని, పిల్ల కళ్లెదుట ఉంటుందని పెద్దలు చూసే లెక్క మాకు తెలియనిది కాదు. ఇప్పటికే అయిన పెళ్లిళ్ల గురించి ఎవరినీ నొప్పించము. అటువంటి ఇంట బిడ్డ పుడితే చెవి పరీక్ష తప్పక చేయించండి అని మాత్రం గట్టిగా చెబుతాము. గర్భవతికి తట్టమ్మవంటి రుబెల్లా జ్వరం సోకడం, నెలలు నిండక ముందే కాన్పు, పుట్టిన బిడ్డకు ముదిరిన కామెర్లు, మెదడువాపు – వీటివల్ల కూడా వినికిడి పోవచ్చు. పిల్లలకు ఎం.ఆర్. టీకా వేయించడం అందుకే. పెరిగే పిల్లలలో చెవి నుండి చీము కారడం ఇంకొక కారణం. "చెవి కారితే మంచిదే, దుష్టం పోతుంది" అని కాచిన నూనె, ఆకు పసరు పోస్తారు. పొరపాటున కూడా పోయవద్దు. మాటలు పట్టుకునే వయసులో నెలల తరబడి చెవి సగం సగం వినబడితే మాట కూడా సగం సగమే వస్తుంది.

వస గురించి ఒక మాట. ఎక్కువ మాట్లాడే పిల్లను "వసపిట్ట" అనడం మన భాషలోనే ఉంది గనుక ఆ నమ్మకం ఎంత పాతదో తెలుస్తుంది. కానీ వసకొమ్ము వల్ల మాట రాదు. పసికందులకు వాంతులు పట్టుకున్న సందర్భాలు వైద్యులు చూశారు. నాలుక కింది నరం వల్ల పాలు చప్పరించడం కష్టం కావచ్చు, కొన్ని అక్షరాలు సరిగా పలకకపోవచ్చు. మాటే రాకపోవడానికి అది కారణం కాదు. ఇక ఖాద్రి నరసింహుడికి మొక్కుకోవడం ఎవరి విశ్వాసం వారిది. మొక్కు తీర్చే రోజు దాకా పరీక్ష ఆపకుండా ఉంటే చాలు.

ఇంట్లో బిడ్డ వెనక పళ్లెం మోగించి, "తిరిగాడు, చెవులు బాగున్నాయి" అనుకోవడం కూడా మోసమే. మా మేనకోడలు కూడా తిరిగేది. నేల అదిరినా, నీడ కదిలినా చెవిటి బిడ్డ పసిగడుతుంది. ఆ బిడ్డల కన్ను మరింత చురుకు. మెల్లని గొంతుతో పేరు పిలిచి చూడవచ్చు, కానీ తేల్చవలసింది యంత్రమే. పుట్టిన నెలలోపు తొలి పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు చెవి మిషను లేదా తగిన చికిత్స మొదలు కావాలని వైద్యుల లెక్క. ఆ గడువులో అందుకున్న బిడ్డలు చాలామంది మాటలు నేర్చి మామూలు బడికి పోతున్నారు. మా మేనకోడలికి ఐదేళ్లకు మిషను పెట్టారు. ఇప్పుడు బట్టలు కుడుతుంది, పని చక్కగా చేస్తుంది. పెదవుల కదలిక చూసి మా మాట కొంత గ్రహిస్తుంది. దాని మాట మాత్రం వాళ్ల అమ్మకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఎక్కడికి వెళ్లాలన్నది చెప్పి ముగిస్తాము. 1975లో మొదలైన అంగన్‌వాడీల సంగతి అందరికీ తెలిసినదే. 2013 నుండి కేంద్ర ప్రభుత్వం అమలు చేస్తున్న బాలల ఆరోగ్య కార్యక్రమం కింద వైద్య బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి వచ్చి పిల్లలను చూడాలి; వినికిడి లోపం, మాట ఆలస్యం కూడా వారు చూడవలసిన జాబితాలో ఉన్నాయి. బృందం వచ్చే తేదీ టీచరును అడిగి తెలుసుకుని, ఆ రోజు బిడ్డను పంపించి ఊరుకోక, తల్లో అవ్వో వెంట వెళ్లి మీ అనుమానం మీరే నోటితో చెప్పండి. సంఘం కార్యదర్శులు ఆ తేదీని పాల కేంద్రం బోర్డు మీద రాయిస్తే పదిమందికి తెలుస్తుంది. బృందం వచ్చేదాకా ఆగలేనివారు కదిరి ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి, "చెవి పరీక్షకు రాయండి" అని అడగవచ్చు. అక్కడి నుండి జిల్లా స్థాయి కేంద్రానికి పంపుతారు. బెరా అనే పరీక్ష బిడ్డ నిద్రలో ఉండగా చేస్తారు. కాబట్టి ముందు రాత్రి బిడ్డను ఆలస్యంగా పడుకోబెట్టి, తెల్లవారుజామున పాల వేళకే లేపండి. బస్సులో నిద్రపోనివ్వవద్దు. పుట్టిన తేదీ కాగితం, టీకాల కార్డు, ఆధార్ వెంట ఉంచుకోండి. ఆ పూట పాలు పోయడానికి పక్కింటివారికి చెప్పి వెళ్లండి. మీ సభ్యత్వ పుస్తకం ఇచ్చి పంపితే లెక్క మీ పేరనే పడుతుంది.